కొత్త లెక్కలో పాత ధర
ఎక్సెల్ ఫైళ్ళ మధ్య అక్కరలేని లింకులు: ఇంటి లెక్కకు, సంస్థ లెక్కకు కొన్ని జాగ్రత్తలు

గత రమజాన్ రెండవ వారంలో, జుహ్ర్ నమాజు ముగిసిన తరువాత, మా మస్జిదు వరండాలో ఒక యువకుడు నా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. చదువుకున్నవాడు, మంచి ఉద్యోగస్తుడు. చేతిలో మడత పెట్టిన ఒక కాగితం ఉంది.

“మౌలానా సాబ్, ఇది మా ఇంటి జకాత్ లెక్క. కంప్యూటర్‌లో వేసి ప్రింటు తీశాను. మా అమ్మీ ఒప్పుకోవడం లేదు. ఎక్కడో తప్పుంది, మౌలానా సాబ్‌కు చూపించి రమ్మన్నారు” అన్నాడు.

కాగితం చూశాను. పద్ధతిలో లోపమేమీ కనిపించలేదు. బంగారం విలువ, నగదు, రావలసిన బాకీలు కలిపాడు. ఇవ్వవలసిన అప్పులు తీసివేశాడు. మిగిలినదానిపై రెండున్నర శాతం కట్టాడు. అడుగున 22,500 రూపాయలని ఉంది.

“మరి అమ్మీ అభ్యంతరం ఏమిటి?” అని అడిగాను.

“క్రిందటి రమజాన్‌లో కూడా సరిగ్గా 22,500 రూపాయలే ఇచ్చాం. ఈ మధ్యకాలంలో చెల్లెలి పెళ్ళి కోసమని గాజులు చేయించాం. బంగారం ధర పెరిగింది. బ్యాంకులో డబ్బు కూడా కొంత పెరిగింది. ఇన్ని మారినా లెక్క ఒక్క రూపాయి కూడా కదలకపోవడమేమిటని అడుగుతున్నారు. కంప్యూటర్ తప్పు చెప్పదంటే వినడం లేదు.”

ఆ తల్లి అడిగిన ప్రశ్న న్యాయమైనది. కంప్యూటర్ కూడికలో పొరపాటు పడలేదన్న మాట నిజమే. కాని అది కూడినది ఈ ఏడాది సొత్తును కాదు, గత ఏడాది సొత్తును. ఈ సంగతి తెలుసుకోవడానికి మాకు పావుగంట పట్టింది. ఇదే పొరపాటు మన ఇళ్ళలోనూ, మదర్సాల్లోనూ, చిన్న దుకాణాల్లోనూ జరుగుతూ ఉండవచ్చు. నా చేతుల మీదుగానూ ఒకసారి జరిగింది. అందుచేత పాఠక సోదర సోదరీమణుల ముందు ఈ విషయాన్ని కొంత వివరంగా ఉంచదలచాను.

అసలు జరిగినదేమిటి?

ఆ యువకుని గత సంవత్సరపు ఫైలు పేరు ‘జకాత్-1445’. అందులో నాలుగు షీట్లున్నాయి. మొదటిది ‘ధరలు’: గ్రాము బంగారం ధర అందులో ఒక గడిలో ఉంటుంది. రెండవది ‘నగలు’: ఇంటిలోని బంగారం బరువును ఆ ధరతో గుణించి విలువ కడుతుంది. మూడవది ‘నగదు’. నాలుగవది ‘మొత్తం’: రెండవ, మూడవ షీట్ల విలువలను తెచ్చి కూడి, జకాత్ ఎంతో చెబుతుంది. చక్కని ఏర్పాటు.

ఈ ఏడాది అతడు ‘జకాత్-1446’ అనే కొత్త ఫైలు తెరిచాడు. ధరలు ఎలాగూ కొత్తవి కనుక ఆ షీటును స్వయంగా వ్రాసుకున్నాడు. మిగిలిన మూడు షీట్లను పాత ఫైలు నుంచి ఒక్కొక్కటిగా ‘మూవ్ ఆర్ కాపీ’ అనే సదుపాయంతో కొత్త ఫైలులోకి తెచ్చుకున్నాడు. ఆ తరువాత కొత్త బరువులు, కొత్త నగదు శ్రద్ధగా నింపాడు.

పైకి ఇందులో తప్పేమీ కనిపించదు. కాని ఒక షీటును మరొక ఫైలులోకి పంపినప్పుడు, ఆ షీటులోని ఫార్ములాలు తమ పాత సంబంధాలను వదలిరావు. ‘నగలు’ షీటులోని ఫార్ములా “ధరలు షీటులోని ధర” అని చెప్పుకుంటూ ఉండేది. కొత్త ఫైలులోకి వచ్చాక అది “జకాత్-1445 ఫైలులో ఉన్న ధరలు షీటులోని ధర” అని మారిపోయింది. అలాగే ‘మొత్తం’ షీటు పాత ఫైలులోని నగలను, పాత ఫైలులోని నగదును చూస్తూ ఉండిపోయింది. కొత్త ఫైలులో అదే పేరుతో షీట్లు ఉన్నా వాటిని పట్టించుకోలేదు. ఒక ఫైలులోని గడి మరొక ఫైలులోని గడిని చూస్తూ ఉండే ఈ సంబంధాన్నే ‘ఎక్స్‌టర్నల్ లింకు’ అంటారు.

వివరణ కోసం అంకెలను కొంత గుండ్రం చేసి చెబుతాను. గత ఏడాది 120 గ్రాముల బంగారం, గ్రాము 6,000 చొప్పున 7,20,000. నగదు 1,80,000. మొత్తం 9,00,000. జకాత్ 22,500. ఈ ఏడాది 140 గ్రాములు, గ్రాము 8,000 చొప్పున 11,20,000. నగదు 2,80,000. మొత్తం 14,00,000. జకాత్ 35,000. తేడా 12,500 రూపాయలు. ఆ తేడా హక్కుదారులకు చేరవలసిన సొమ్ము. ఇంటివారి ఉద్దేశంలో లోపం లేదు, దానం చేయడానికి వెనుకాడలేదు. అయినా ఎవరికీ కనిపించని ఒక లింకు మూలంగా ఆ సొమ్ము ఇంటిలోనే నిలిచిపోయేది.

“ఫైలు తెరిచినప్పుడు ఏదైనా హెచ్చరిక వచ్చిందా?” అని అడిగాను.

“ఏదో లింకులున్నాయి, అప్‌డేట్ చేయాలా అని అడిగింది మౌలానా సాబ్. ప్రతిసారీ అడుగుతోందని చదవకుండానే నొక్కేశాను” అన్నాడు.

మనలో చాలామంది చేసేది అదే.

నా చేతుల మీదుగా జరిగిన పొరపాటు

పొరపాటు లెక్కకే పరిమితమైతే సవరించుకోవచ్చు. ఒక్కొక్కప్పుడు అది ఇతరుల గౌరవానికి భంగం కలిగించే స్థితికి వస్తుంది. కొన్నేళ్ళ క్రితం మా మదర్సాలో జకాత్ పద్దు చూసే బాధ్యత నాపై ఉండేది. నెలనెలా సహాయం అందుకునే కుటుంబాల రిజిస్టరు ఒక ఫైలులో ఉండేది. పేరు, వీధి, ఆధారం లేకపోవడానికి కారణం, ఇచ్చే మొత్తం, అన్నీ అందులోనే. ఆ ఫైలు నా దగ్గర, నాజిమ్ గారి దగ్గర తప్ప మరెవరి దగ్గరా ఉండరాదని నిర్ణయం.

ఒకసారి కమిటీ సమావేశం కోసం నేను ఒక సంగ్రహ పట్టిక తయారు చేశాను. అందులో పేర్లు లేవు. వరుస సంఖ్యలు, మొత్తాలు మాత్రమే. ఆ మొత్తాలను రిజిస్టరు నుంచి ‘వి-లుకప్’ అనే ఫార్ములాతో తెచ్చుకున్నాను. పట్టికను వాట్సాప్‌లో సభ్యులందరికీ పంపాను. పేర్లు కనబడకుండా జాగ్రత్తపడ్డానని సంతృప్తిగా ఉన్నాను.

రెండు రోజుల తరువాత మా పూర్వ విద్యార్థి ఒకడు, కంప్యూటర్ పనిలో ఉన్నవాడు, మర్యాదగా నన్ను ప్రక్కకు పిలిచాడు. “ఉస్తాద్, మీరు పంపిన ఫైలులో ఆ కుటుంబాల పేర్లన్నీ ఉన్నాయి” అన్నాడు. నేను నమ్మలేదు. అతడు నా ఎదుటే ఆ ఫైలును విప్పి చూపించాడు. ఇప్పటి ఎక్సెల్ ఫైలు నిజానికి జిప్ రూపంలో మడిచిపెట్టిన ఒక సంచి వంటిది. దాని నకలుకు చివరి పేరు మార్చి జిప్ ఫైలుగా తెరిస్తే లోపలి అరలు కనిపిస్తాయి. బయటి ఫైళ్ళతో లింకులుంటే వాటికొక అర ప్రత్యేకంగా ఉంటుంది. ఆ అరలో మా రిజిస్టరులోని పేర్లు, వీధులు, కారణాలు వరుసగా ఉన్నాయి.

కారణం ఇది. లింకు ఉన్న ఫైలు, ఆధార ఫైలు అందుబాటులో లేనప్పుడు కూడా విలువలు చూపించగలగాలి కదా. అందుకోసం ఎక్సెల్ ఆధార ఫైలులో ఫార్ములా ప్రస్తావించిన గడుల విలువలను తనలో ఒక నకలుగా దాచుకుంటుంది. మామూలుగా ఈ ఏర్పాటు అమలులోనే ఉంటుంది. ‘వి-లుకప్’ ఒక పట్టికనంతా ప్రస్తావిస్తుంది కనుక, నకలులో ఆ పట్టిక అంతా చేరుతుంది. కంటికి కనిపించేది ఒక్క నిలువు వరుసే అయినా, ఫైలుతో పాటు ప్రయాణించేది మొత్తం రిజిస్టరు.

ఆ కుటుంబాలలో చేయి చాచడానికి సిగ్గుపడి, ఎన్నోసార్లు అడిగిన మీదట పేరు చెప్పినవారు ఉన్నారు. వారు మమ్మల్ని నమ్మి చెప్పుకున్న మాటలవి. సభ్యులందరినీ ఫైలు తొలగించమని కోరాను, వారు తొలగించారు. విషయం బయటకు పొక్కలేదు. కాని ఆ రోజు కలిగిన జంకు ఇప్పటికీ నాలో ఉంది. సొమ్ము మాత్రమే అమానత్ కాదు, సొమ్ము అందుకునేవారి పేరు కూడా అమానత్.

లింకు ఎలా పుడుతుంది?

తెలిసి పెట్టుకున్న లింకుతో చిక్కు తక్కువ. తెలియకుండా పుట్టేదే ప్రమాదకరం. అది సాధారణంగా ఈ దారులలో వస్తుంది.

మొదటి దారి మనం చూసినదే: ఒకదానిపై ఒకటి ఆధారపడిన షీట్లలో కొన్నింటిని మాత్రమే వేరే ఫైలుకు పంపడం.

రెండవది, గడులను కాపీ చేసి మరొక ఫైలులో అతికించడం. ఫార్ములా తన షీటులోని గడులనే వాడుతూ ఉంటే ఇబ్బంది లేదు, అది కొత్త చోట కొత్త గడులను చూస్తుంది. వేరొక షీటులోని గడిని వాడుతూ ఉంటే మాత్రం, అతికించగానే పాత ఫైలుకు లింకు ఏర్పడుతుంది.

మూడవది, రెండు ఫైళ్ళు తెరిచి ఉంచి ఫార్ములా వ్రాయడం. సమానం గుర్తు వేసి, ఈ ఫైలనుకుని ఆ ఫైలులోని గడిని నొక్కుతాం. ఇందులో మరొక చిక్కు కూడా ఉంది. బయటి ఫైలులోని గడిని అలా నొక్కినప్పుడు ఎక్సెల్ దాని చిరునామాకు డాలరు గుర్తులు చేరుస్తుంది, అంటే ఆ గడినే స్థిరపరుస్తుంది. ఆ ఫార్ములాను క్రిందికి లాగితే ప్రతి వరుసలోనూ అదే ఒక్క అంకె వస్తుంది.

నాలుగవది చార్టు. ఒక ఫైలులో గీసిన చార్టును మరొక ఫైలులో మామూలుగా అతికిస్తే, అది పాత ఫైలులోని అంకెలనే చూపుతూ ఉంటుంది.

ఐదవది, కంటికి ఆనని చోట్లు. గడులకు మనం పెట్టుకున్న పేర్లు, ఎంపిక కోసం గడిలో ఏర్పరచిన జాబితాలు, షరతును బట్టి రంగు మారే ఏర్పాట్లు, ఇవి కూడా షీటుతో పాటు వచ్చి పాత ఫైలును పట్టుకుని ఉంటాయి.

ఆరవది, ‘సేవ్ యాజ్’ వల్ల వచ్చే మార్పు. రెండు ఫైళ్ళ మధ్య ఇదివరకే లింకు ఉన్నదనుకుందాం. రెండూ తెరిచి ఉండగా ఆధార ఫైలును కొత్త పేరుతో భద్రపరిస్తే, దానిపై ఆధారపడిన ఫైలు తన లింకును ఆ కొత్త పేరుకు మార్చుకుంటుంది. మీరు నకలు తీస్తున్నానని అనుకుంటారు. అక్కడ బంధం చేతులు మారిపోతుంది.

ఎలా కనిపెట్టాలి?

మొదటి గుర్తు, ఫైలు తెరవగానే వచ్చే హెచ్చరిక. ఈ ఫైలు బయటి మూలాలతో ముడిపడి ఉందని, విలువలను నవీకరించాలా అని అడుగుతుంది. ఆ ప్రశ్న మీకు ఆశ్చర్యం కలిగించిందంటే, మీకు తెలియని లింకు ఉన్నదని అర్థం. వెంటనే నొక్కేయకుండా ‘డోంట్ అప్‌డేట్’ ఎంచుకుని పరిశీలించండి. హెచ్చరిక రాకుండా చేసే అమరిక కూడా ఉన్నది గాని, దాని జోలికి పోవద్దు. ఆ అమరిక లింకును తీసివేయదు, దాని ఆచూకీ మాత్రమే మాయం చేస్తుంది.

రెండవది, ‘డేటా’ అనే మెనూలోని ‘ఎడిట్ లింక్స్’. కొత్త సంచికలలో దీనిని ‘వర్క్‌బుక్ లింక్స్’ అంటున్నారు. ఏ ఏ ఫైళ్ళతో ముడి ఉన్నదో అక్కడ జాబితాగా కనిపిస్తుంది.

మూడవది వెతుకులాట. కంట్రోల్, ఎఫ్ మీటలు నొక్కి, ‘వితిన్’ అన్నచోట ‘వర్క్‌బుక్’, ‘లుక్ ఇన్’ అన్నచోట ‘ఫార్ములాస్’ ఎంచుకోండి. వెతకవలసిన మాటగా ఒక చుక్క, దాని ప్రక్కన ఎక్స్, ఎల్ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు వ్రాయండి. ఎక్సెల్ ఫైళ్ళ పేర్ల చివర ఇవి ఉంటాయి కనుక, బయటి ఫైలును ప్రస్తావించే గడులు వరుసగా బయటపడతాయి. అటువంటి ఫార్ములాలో ఫైలు పేరు చదరపు కుండలీకరణాల మధ్య కనిపిస్తుంది.

నాలుగవది, ‘ఫార్ములాస్’ మెనూలోని ‘నేమ్ మేనేజర్’. గడులకు పెట్టిన పేర్లన్నీ అక్కడ ఉంటాయి. వాటిలో ఏదైనా బయటి ఫైలు వైపు చూపుతున్నదేమో గమనించండి.

వీటన్నింటికంటే సులువైన పరీక్ష మరొకటి ఉన్నది. దీనికి కంప్యూటర్ విద్యతో పనిలేదు. ధర గడిలో తాత్కాలికంగా సున్నా వేయండి. ఆ ధరపై ఆధారపడిన మొత్తం వెంటనే పడిపోవాలి. పడిపోకపోతే ఆ మొత్తం మీరు చూస్తున్న ధరను వాడడం లేదు. అలాగే ఒక నగ బరువును పదింతలు చేసి చూడండి, మొత్తం కదలాలి. పరీక్ష ముగిశాక అసలు అంకెలు తిరిగి వేయడం మరువకండి. ఆ యువకుని తల్లి చేసినది ఒక విధంగా ఈ పరీక్షే. మారవలసినది మారలేదని ఆమె గమనించారు.

తెంచేముందు ఆగండి

లింకు కనిపించగానే ‘బ్రేక్ లింక్’ నొక్కాలనిపిస్తుంది. ఆ మీట ఉన్నది కూడా అందుకే. అయితే అది చేసే పని ఏమిటో తెలిసి నొక్కాలి. అది ఫార్ములాను తీసివేసి, ఆ క్షణంలో గడిలో ఉన్న అంకెను అక్కడ స్థిరపరుస్తుంది. ఒకసారి చేశాక వెనక్కు తీసుకోవడానికి వీలుండదు.

మన యువకుని ఫైలులో ‘బ్రేక్ లింక్’ నొక్కి ఉంటే ఏమయ్యేది? హెచ్చరిక మాయమయ్యేది, ఫైలు శుభ్రంగా కనిపించేది. గత ఏడాది 22,500 మాత్రం ఈ ఏడాది లెక్కలో మాట్లాడని అంకెగా నిలిచిపోయేది. పొరపాటును పట్టి ఇచ్చే చివరి ఆనవాలు కూడా పోయేది.

అతని విషయంలో సరైన మందు ‘ఛేంజ్ సోర్స్’. ముందుగా ఫైలుకు ఒక నకలు తీసి ప్రక్కన పెట్టాం. తరువాత ‘ఎడిట్ లింక్స్’ లో పాత ఫైలు పేరును ఎంచుకుని, ‘ఛేంజ్ సోర్స్’ నొక్కి, ‘జకాత్-1446’ నే, అంటే తెరిచి ఉన్న ఆ ఫైలునే చూపించాం. షీట్ల పేర్లు రెండింటిలోనూ ఒకటే కనుక ఫార్ములాలన్నీ సొంత ఇంటి వైపు తిరిగాయి. లింకుల జాబితా ఖాళీ అయింది. అడుగున 22,500 పోయి 35,000 వచ్చింది. యువకుడు చాలాసేపు ఆ అంకెనే చూస్తూ ఉండిపోయాడు.

కనుక నియమం ఇది. పాత ఫైలు విలువే మీకు కావాలంటే, ఉదాహరణకు గత ఏడాది ముగింపు నిల్వ వంటిది అయితే, ‘బ్రేక్ లింక్’ సరిపోతుంది. కొత్త ఫైలు విలువ కావాలంటే ‘ఛేంజ్ సోర్స్’ కావాలి. ఏది చేసినా ముందు నకలు తీయండి. ‘బ్రేక్ లింక్’ నొక్కినా పోని లింకు ఉంటే, అది తరచుగా గడుల పేర్లలోనో, ఎంపిక జాబితాలలోనో, రంగుల షరతులలోనో దాగి ఉంటుంది. అక్కడ వెతికి చేతితో తీసివేయాలి.

అసలు పుట్టకుండా ఎలా?

రోగం వచ్చాక వైద్యం కంటే ముందు జాగ్రత్త సులభం. ఈ అలవాట్లు చాలు.

ఒకటి: కొత్త ఏడాదికి షీట్లను ఏరుకోవద్దు. ఫైలు మూసి ఉండగా, ఫోల్డరులోనే మొత్తం ఫైలుకు నకలు తీసి, నకలుకు కొత్త పేరు పెట్టండి. లోపలి సంబంధాలన్నీ లోపలే ఉంటాయి. ఆ తరువాత పాత అంకెలు చెరిపి కొత్తవి నింపండి.

రెండు: కొన్ని షీట్లే కావాలంటే, ఒకదానిపై ఒకటి ఆధారపడినవన్నీ, ధరల షీటుతో సహా, కంట్రోల్ మీట పట్టుకుని కలిపి ఎంచుకోండి. అన్నీ ఒకేసారి కలిసి ప్రయాణిస్తే వాటి మధ్య సంబంధాలు కొత్త ఫైలులోనే నిలుస్తాయి. షీట్లలో ‘టేబుల్’ గా ఏర్పరచిన పట్టికలుంటే ఎక్సెల్ ఇలా కలిపి పంపనివ్వదు. అప్పుడు మొత్తం ఫైలుకు నకలు తీసి, అక్కరలేని షీట్లను తొలగించండి. అవసరమైన షీటును పొరపాటున తొలగిస్తే గడిలో తప్పు గుర్తు కనిపిస్తుంది. కనిపించే తప్పు, కనిపించని తప్పుకంటే మేలు.

మూడు: అంకెలు మాత్రమే కావాలంటే ‘పేస్ట్ స్పెషల్’ లో ‘వాల్యూస్’ ఎంచుకోండి. ఫార్ములా రాదు, అంకె మాత్రమే వస్తుంది. లింకుకు తావుండదు. చార్టు కావాలంటే బొమ్మగా అతికించండి.

నాలుగు: ఒక ఫార్ములా కావాలంటే గడిని కాపీ చేయవద్దు. పైనున్న ఫార్ములా పట్టీలోకి వెళ్ళి, అందులోని అక్షరాలను ఎంచుకుని కాపీ చేసి, ఎస్కేప్ మీట నొక్కి బయటకు వచ్చి, కొత్త ఫైలులోని గడిలో అతికించండి. అప్పుడు ఫార్ములా కేవలం వ్రాతగా వెళుతుంది, పాత ఫైలు పేరు వెంట తీసుకుపోదు.

ఐదు: ఫార్ములాలు వ్రాసేటప్పుడు ఒక్క ఫైలే తెరిచి ఉంచండి. సగం పొరపాట్లు దీనితోనే తగ్గుతాయి.

ఆరు: అంకెలేవీ లేని ఒక నమూనా ఫైలు చేసి భద్రపరచండి. ఏటా ఆ నమూనా నకలు నుంచే మొదలుపెట్టండి. ధరలు అదే ఫైలులో, ఒకే షీటులో, ప్రక్కనే తేదీతో ఉండాలి. నిసాబ్ పరిమాణాలు, అంటే 87.48 గ్రాముల బంగారం, 612.36 గ్రాముల వెండి, ఏటా మారనివి. ధర మారేది. మారేవాటిని ఒక రంగులో, మారనివాటిని మరొక రంగులో ఉంచుకుంటే ఏ గడి నింపాలో, దేనిని ముట్టకూడదో ఇంటిలో ఎవరికైనా తెలుస్తుంది.

ఏడు: బయటివారికి పంపేది ఎక్సెల్ ఫైలు కానవసరం లేదు. చూడడానికి మాత్రమే అయితే పిడిఎఫ్‌గా మార్చి పంపండి. ఎక్సెల్ ఫైలే పంపవలసి వస్తే, నకలు తీసి, గడులన్నింటినీ విలువలుగా మార్చి, లింకుల జాబితా ఖాళీగా ఉన్నదని చూసుకుని పంపండి. పేర్లు గోప్యంగా ఉండవలసిన రిజిస్టరును మరే ఫైలుతోనూ ముడివేయవద్దు. నా అనుభవం నేర్పినది ఇదే.

ఉచితంగా లభించే లిబ్రె ఆఫీస్ వాడేవారికి ‘ఎడిట్’ మెనూలో ‘లింక్స్ టు ఎక్స్‌టర్నల్ ఫైల్స్’ అని ఉంటుంది. గూగుల్ షీట్స్‌లో ఒక ఫైలు మరొక ఫైలు నుంచి విలువలు తెచ్చుకోవాలంటే ‘ఇంపోర్ట్‌రేంజ్’ అనే ఫార్ములా వ్రాసి, మొదటిసారి అనుమతి కూడా ఇవ్వాలి. కనుక అక్కడ తెలియకుండా లింకు పుట్టే అవకాశం తక్కువ.

లింకు చెడ్డదా?

కాదు. నాలుగు శాఖలున్న సంస్థ ప్రతి శాఖ మొత్తాన్నీ ఒక ముఖ్య ఫైలులోకి తెచ్చుకోవాలంటే, చేతితో ఎక్కించడంకంటే లింకే నయం. చేతితో ఎక్కించేటప్పుడు అంకెలు తారుమారవుతాయి. కావలసి పెట్టుకున్న లింకుకు మూడు షరతులుండాలి. ఎందుకు పెట్టామో, ఏ ఫైలు నుంచి వస్తుందో మొదటి షీటులో వ్రాసి ఉండాలి. ఆధార ఫైలు పేరు గాని, చోటు గాని చెప్పకుండా మార్చకూడదు. మారిస్తే లింకు దారి తప్పుతుంది, ముఖ్య ఫైలు పాత విలువలనే చూపుతూ కూర్చుంటుంది. ఆ ఫైలు చేతులు మారినప్పుడు ఈ సంగతి కొత్తవారికి చెప్పాలి.

అప్పు ఇచ్చి పుచ్చుకునేటప్పుడు వ్రాసుకోమని ఖుర్‌ఆన్ ఆదేశించింది. ఆ ఆదేశమున్న బఖరా సూరాలోని వాక్యమే ఖుర్‌ఆన్‌లో అన్నింటికంటే పొడవైనదని మన పిల్లలకు కూడా తెలుసు. కాగితంపై వ్రాసిన లెక్క మనం మార్చితే తప్ప మారదు, మార్చితే కొట్టివేత కనిపిస్తుంది. తెరమీది లెక్క అలా కాదు. దాని అంకె ఎక్కడి నుంచి వచ్చిందో అడిగి తెలుసుకోవలసిన బాధ్యత వ్రాసినవానిదే.

వెళ్ళబోతూ ఆ యువకుడు ఆగాడు. “మౌలానా సాబ్, ముందటి ఏడాదుల లెక్కలు కూడా చూడమంటారా?” అని అడిగాడు.

“చూడాలి బేటా. తక్కువ పడి ఉంటే ఆ బాధ్యత ఏళ్ళు గడిచినంత మాత్రాన తీరిపోదు” అన్నాను.

మరునాడు తరావీహ్ తరువాత మళ్ళీ కనిపించాడు. పాత ఫైళ్ళు మూడు తెరిచి చూశాడట. రెండు బాగానే ఉన్నాయి. ఒకదానిలో నగదు షీటు అంతకుముందటి ఏడాది ఫైలును చూస్తోంది. తక్కువ పడిన మొత్తాన్ని ఈ ఏడాది జకాత్‌తో పాటు చెల్లించడానికి ఇంటిలో నిర్ణయించుకున్నారు.

“అమ్మీ ఏమన్నారు?” అని అడిగాను.

నవ్వాడు. “ఇక నుంచి లెక్క నువ్వు కంప్యూటర్‌లో వేయి, నేను నోటు పుస్తకంలో వేస్తాను, రెండూ కలిస్తేనే డబ్బు తీద్దాం అన్నారు.”

ఇంతకంటే మంచి సలహా నాకూ తోచలేదు. ఈ రమజాన్ రాకముందే మీ ఇంటి లెక్క ఫైలును ఒకసారి తెరవండి. ధర గడిలో సున్నా వేసి చూడండి. అడుగున ఉన్న మొత్తం కదిలితే సంతోషం. కదలకపోతే, ఆ లెక్క మీది కాదు.